ఆకలి కారణంగా పరిగణించబడదు

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టినవాటిలో నిప్పు, చక్రం, ఫారం అనే మూడింటికీ పెద్దపీట వెయ్యాలి. మొదటి రెండూ లేకపోయినా మనిషి ఎలాగోలా బతికేస్తాడు గానీ, మూడోది లేకపోతే తాను బతికున్నట్టు రుజువు చేసుకోలేడు. ఈ సత్యాన్ని నమ్మినవాళ్లు లోకంలో కొల్లలుగా ఉన్నారు. దాన్ని తమ వంటింటిదాకా తీసుకెళ్లినవారు మాత్రం, మనకు తెలిసినంతలో, సూపర్నెంటు గారు ఒక్కరే.

సూపర్నెంటు గారు నగర కార్యాలయంలో అనుమతుల విభాగాన్ని ఇరవై తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నారు. రోడ్డు తవ్వాలన్నా, దుకాణం మీద బోర్డు కట్టాలన్నా, కిటికీకి అడ్డమొచ్చిన చెట్టుకొమ్మ కొట్టాలన్నా ఆయన సంతకం పడాలి. ఆయన దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. ఒకసారి ఒక కొమ్మ కోసం దరఖాస్తు వచ్చింది. ఫైలు తేలేలోపు ఆ కొమ్మ దానంతటదే విరిగి పడిపోయింది. పడేముందు అనుమతి తీసుకోలేదు కనుక ఆ ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున డాక్టరమ్మ ఎదుట కూర్చుని నీళ్లు నమలవలసి వచ్చింది. ఆవిడ చేతిలో ఆయన రక్తపరీక్ష కాగితం ఉంది. మూడు నెలల చక్కెర సగటు ఎనిమిది పాయింట్ ఒకటి. ఇకమీదట ఇంటి తిండే తినమనీ, మూడు నెలల్లో దాన్ని ఏడుకి దింపుకుని రమ్మనీ, దిగకపోతే రోజూ సూది తప్పదనీ ఆవిడ చాలా మామూలుగా చెప్పేసింది.

సూది అనగానే సూపర్నెంటు గారి గుండెల్లో రాయి పడింది. ఆయన ఈ భూమ్మీద భయపడేది రెండింటికే. ఒకటి ఆడిటు, రెండోది సూది. (ఆడిటుకు ముందుగా నోటీసు వస్తుంది.) ఆయన భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకు అరవై చేతుల్లో సూది గుచ్చుతుంది. చీమ కుట్టినట్టయినా ఉండదని ఆవిడకు ఊరంతా పేరు. ఆయన మాత్రం ఆవిడ చొక్కా గుండీ కుడుతున్నా పక్కగదిలోకి వెళ్లిపోతారు.

ఇంటి తిండి తినడం ఏమంత కష్టం అని అనుకునేవాళ్లకు ఆ ఇల్లు తెలియదు. సూపర్నెంటు గారి తల్లికి డెబ్బై ఆరేళ్లు. యాభై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డాననీ, ఇక తనకు ఎవరైనా వడ్డించాలి తప్ప తాను వంటింటి ముఖం చూడననీ ఆవిడ ఎప్పుడో ప్రకటించేసింది. నూడుల్స్ అంటే ప్రాణం పెడుతుంది. కూతురు బీమా కంపెనీలో క్లెయిములు తిరస్కరించే సెక్షనులో పనిచేస్తుంది. సాయంత్రం చెప్పులైనా విప్పకుండా, ఇవాళ ఎక్కడికి వెళ్దాం అని అడుగుతుంది. అరవై చేతులు చూసొచ్చాక కత్తి పట్టుకుని కూరగాయలు తరిగే ఓపిక తనకు లేదని భార్య అంటుంది. అది నిజం కూడాను. అలా వారంలో నాలుగు సాయంత్రాలు ఆ కుటుంబం ఏదో ఒక హోటల్లో తేలుతుంది.

వాళ్లు వెళ్తే సూపర్నెంటు గారూ వెళ్తారు. వెళ్లి, తనకు సూపు చాలని గట్టిగా చెబుతారు. సూపు వస్తుంది. ఆ తర్వాత తల్లి పళ్లెంలో నూడుల్స్ మెత్తగా ఉడికాయో లేదో చూస్తారు. కూతురి చేపముక్కకు ఉప్పు సరిపోయిందో లేదో చూస్తారు. భార్య వదిలేసిన పిజ్జా ముక్క పారెయ్యడానికి చేతులు రావు కాబట్టి దాన్నీ చూస్తారు. ఈ ఒక్క విషయంలో ఆయనకు తనమీద ఎలాంటి భ్రమలూ లేవు. తన నోరు తాను కట్టుకోలేరు. కనుక ఇంటిల్లిపాది నోళ్లూ కట్టెయ్యాలి.

మొదట ఆయన మామూలు మనుషుల్లా అడిగి చూశారు. మూడు నెలలు ఇంట్లోనే తిందామా అన్నారు. ముగ్గురూ ఎంతో జాలిపడ్డారు. మీరు ఇంట్లోనే ఉండండి, మేము వెళ్లొస్తూ మీకు పార్శిలు తెస్తాం అన్నారు. దాంతో అడగడం అనే పద్ధతి మీద ఆయనకున్న కాస్త నమ్మకమూ పోయింది.

మంగళవారం సాయంత్రానికి ఫ్రిజ్ తలుపు మీద నాలుగు పేజీల కాగితం వెలసింది. దాని పేరు 'బయటి భోజన నియంత్రణ నిబంధనలు'. బయట తినదలచినవారు మూడు రోజుల ముందు మూడు ప్రతుల్లో నమూనా–ఒకటి నింపి దాఖలు చెయ్యాలి. ఇంట్లో తినడానికి ఏమీ లేదని వంటింటి నుంచి ధ్రువపత్రం జతచెయ్యాలి. (ఇంట్లో ఏమీ లేకుండా ఎందుకు చేశారో వంటిల్లు విడిగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.) ఒకసారి దాఖలైన దరఖాస్తును వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. సరదాకి దరఖాస్తులు పెట్టేవాళ్లకు బుద్ధి రావడానికే ఈ ఎనిమిదో నిబంధన. తొమ్మిదో నిబంధన ప్రకారం, అధికారి స్వయంగా తనిఖీ చెయ్యని ఏ హోటలుకూ అనుమతి ఇవ్వడం కుదరదు.

ఇక, రాత్రి భోజనానికి ఇంట్లో ఉండనివారి పేరు వంట లెక్కలోంచి తీసేస్తారు. వాళ్లు మళ్లీ బల్ల దగ్గర కూర్చోవాలంటే నమూనా–రెండు నింపాలి. రెండు నమూనాలకీ పైన పేరు తప్ప తేడా లేదు. రెండింటిలోనూ 'కారణము' అనే గడి ఉంది. అది గోరంత వెడల్పు. జనానికి చోటిస్తే కథలు రాస్తారన్నది సూపర్నెంటు గారి సర్వీసు నేర్పిన పాఠం. గడి కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక కూడా పెట్టారు. ఆకలి కారణంగా పరిగణించబడదు. ఎవరైనా ఆకలి అనేస్తే ఇక కాదనడానికి ఏముంటుంది చెప్పండి. పైగా ఆకలి ఇంట్లోనూ తీరుతుంది.

అనుమతి ఇచ్చే అధికారి ఆయనే. అప్పీలు వినే అధికారీ ఆయనే (అయితే అప్పుడు కళ్లజోడు మార్చుకుంటారు).

ఇంట్లో గొడవ జరుగుతుందని ఆయన సిద్ధపడి కూర్చున్నారు. జరగలేదు. కూతురు ఫ్రిజ్ ముందు నిలబడి నాలుగు పేజీలూ రెండుసార్లు చదివింది. చదివి, తమ కంపెనీవాళ్లకు కూడా ఇంత చక్కటి గడి తట్టలేదని మెచ్చుకుంది. తల్లి పెన్ను అడిగింది. శనివారానికల్లా సూపర్నెంటు గారి ముందు పదకొండు దరఖాస్తులు, పదకొండు వేర్వేరు హోటళ్ల పేర్లతో వచ్చి పడ్డాయి.

గోరంత గడిలో ఎంత పడుతుందో ఆ ఇంటివాళ్లు ఇట్టే కనిపెట్టేశారు. భార్య 'నీరసం' అని రాసింది. కూతురు 'వాన' అని రాసింది. తల్లి 'పళ్లు' అని రాసింది. పళ్లు సరిగా లేనివాళ్లకు నూడుల్స్ తప్ప వేరే గతి లేదని ఆవిడ వాదన. పళ్లు సరిగా లేవనడానికి ఆధారం జతచెయ్యలేదని సూపర్నెంటు గారు ఫారం తిప్పి పంపారు. మర్నాడు అదే ఫారం ఒక కవరుతో సహా తిరిగొచ్చింది. 'జతపరచినవి: ఒక సెట్టు' అని ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. కవరు విప్పి చూసిన సూపర్నెంటు గారు దాన్ని మళ్లీ జాగ్రత్తగా మూసి, అసలు ప్రతులు దరఖాస్తుదారు దగ్గరే ఉండాలని నోటు రాసి వెనక్కి ఇచ్చేశారు.

ఇక మిగిలింది తనిఖీ. పదకొండు చోట్లకీ తనిఖీ జరగాలి. జరిగితే గాని అనుమతి రాదు. అనుమతి వచ్చేదాకా ఇంట్లోవాళ్లు ఇంట్లోనే తినాలి. పథకం నూటికి నూరుపాళ్లు పనిచేస్తోందని సూపర్నెంటు గారు మురిసిపోయారు.

మొదటి తనిఖీ వీధి చివర నూడుల్స్ బండి దగ్గర జరిగింది. ఆయన ఆఫీసు సంచీ, నోటుబుక్కు, ఇంటినుంచి తెచ్చుకున్న చెంచాతో వెళ్లారు. ఒకే ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, నూనె ఎక్కువ అని రాసుకున్నారు. ఇంతవరకూ ఆయన మీద వేలెత్తి చూపడానికేమీ లేదు. కానీ ఒక్క చెంచా చూసి పళ్లెమంతటి మీదా తీర్పు చెప్పడం అన్యాయం కదా. అది ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన ఎవరికీ చెయ్యని అన్యాయం. పళ్లెం ఖాళీ అయ్యాక, నూనె నిజంగానే ఎక్కువని నిర్ధారణ అయింది.

మంగళవారం చేపల వేపుడు కొట్టు. గురువారం పిజ్జా. ఆ పిజ్జా దుకాణంలో ఆయన కొన్ని లోపాలు గుర్తించారు. లోపాలు గుర్తిస్తే, అవి సరిదిద్దుకున్నారో లేదో చూడటానికి మళ్లీ వెళ్లాలి. మళ్లీ వెళ్తే లోపాలు అలాగే ఉన్నాయి. వాళ్లకు వాటి సంగతి ఎవరూ చెప్పలేదు. (తనిఖీ గోప్యంగా జరగాలని నిబంధన.) అందుకని మూడోసారి కూడా వెళ్లారు. కేకుల దుకాణంలో పద్దెనిమిది రకాలున్నాయి. న్యాయంగా చూస్తే పద్దెనిమిదీ తనిఖీ చెయ్యాలి. సూపర్నెంటు గారు న్యాయం తప్పే మనిషి కారు.

ఇక్కడ ఇంట్లో వేరే కథ నడిచింది. దరఖాస్తుకు జవాబు వచ్చేలోగా ఏదో ఒకటి తినాలి. మొదటి వారం ఉడికించిన క్యారెట్లు తిన్నారు. అవి తింటూ ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండో వారం తల్లికి కోపం వచ్చింది. ఇలా చప్పిడి ముద్దలు మింగడానికేనా నేనింత వయసు బతికింది అని లేచి, చూడనన్న వంటింటి ముఖం చూసింది. టమాటాలూ వంకాయలూ నిప్పుల మీద కాల్చి, మిరియాలు నూరి చల్లింది. ఇంట్లో ఆ వాసన మొదటిసారి వచ్చిన రోజున కూతురు చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఒక్కతే నిలబడి తరగాలంటే ఓపిక లేదు గానీ ముగ్గురు కలిసి తరిగితే అదో కాలక్షేపమని భార్యకు తెలిసింది. శుక్రవారం పుట్టిన పిజ్జా కోరిక సోమవారానికి చల్లారిపోయేది. అలా కోరికలు ఫైల్లో పదకొండున్నాయి, మనుషుల్లో మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

రెండో నెలలో ఒక సాయంత్రం సూపర్నెంటు గారు తనిఖీ ముగించుకుని మెట్లెక్కుతుంటే, తలుపు అవతల నుంచి ముగ్గురి నవ్వులూ వినిపించాయి. కూతురు తన ఆఫీసు కబురేదో చెబుతోంది. తల్లి ఊపిరాడకుండా నవ్వుతోంది. పళ్లేల చప్పుడు, నిమ్మకాయ పిండిన వాసన. ఆయన మెట్టు మీదే కాసేపు నిలబడిపోయారు. కడుపు నిండా క్రీము కేకు ఉన్నా లోపలెక్కడో వెలితిగా అనిపించింది. హోటల్లో నలుగురూ కూర్చున్నప్పుడు తాను సూపు వంకతో అందరి పళ్లేల్లోనూ చెయ్యి పెట్టింది తిండి కోసమేనా అని ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది. నిబంధనలు పెట్టినప్పటినుంచీ ఆయన తిన్నదంతా ఒక్కరే తిన్నారు.

లోపలికి వెళ్లేసరికి గిన్నెలు ఖాళీ. ఆయన పేరు వంట లెక్కలోంచి ఎప్పుడో తీసేశారు కదా.

తనిఖీ ఎలా జరిగిందని భార్య అడిగింది.

"లోపాలున్నాయి. మళ్లీ వెళ్లాలి" అన్నారు ఆయన.

ఆ రోజే కూతురు ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. తమకు బయటి తిండి అక్కర్లేదనీ, పదకొండు దరఖాస్తులూ రద్దు చెయ్యమనీ ముగ్గురూ సంతకాలు పెట్టిన విన్నపం. అది చదువుతుంటే సూపర్నెంటు గారికి ఎంత ఆనందం కలిగిందో చెప్పలేం. ఆయన కోరుకున్నది అక్షరాలా ఇదే. ఇక బయటికి వెళ్లే పనే లేదు. ఆయన కళ్లజోడు మార్చుకుని ఎనిమిదో నిబంధన తీసి చూశారు. దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి వీల్లేదని స్పష్టంగా ఉంది. రాసింది మంచి రాతగాడు. ఎక్కడా సందు లేదు.

"మీరు వెళ్లకపోతే ఏమవుతుందట?" అంది భార్య.

"ఫైలు మూసినట్టు కాదు."

ఆవిడ ల్యాబులో నరం దొరకని చేతిని చూసినట్టు ఆయన్ని చూసింది. మర్నాడు ఆయన బర్గర్ల దుకాణానికి వెళ్లారు.

మూడు నెలలూ గడిచాయి. డాక్టరమ్మ నలుగురినీ రమ్మంది. ముందుగా చూసింది తల్లి కాగితం. రక్తపోటు దిగింది. కూతురి గుండెల్లో మంట మాయమైంది. భార్య నాలుగు కిలోలు తగ్గింది. ఇలాంటి కుటుంబాన్ని తన సర్వీసులో చూడలేదని డాక్టరమ్మ పొగిడితే, ఆ ఘనత నిబంధనలదని సూపర్నెంటు గారు వినయంగా చెప్పారు. ఆవిడ నాలుగో కాగితం తీసింది. తొమ్మిది పాయింట్ నాలుగు. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చూసి, పేరు సరిచూసుకుని, మళ్లీ చదివింది.

"ఇంట్లోవాళ్లందరూ ఇంటి తిండే తింటున్నారు. బయట తింటున్నది మీరొక్కరేనా అండీ?"

"తినడం లేదండి. తనిఖీ చేస్తున్నాను."

డాక్టరమ్మ ఒక చిన్న పెట్టె తీసి ఆయన చేతికి కాకుండా ఆయన భార్య చేతికిచ్చింది. ఈ పూట నుంచే ఆయన ఇంట్లో తింటే ఒక నెల ఆగి చూస్తాననీ, తినకపోతే ఈ పూట నుంచే సూది మొదలుపెట్టమనీ చెప్పింది. దారి పొడుగునా సూపర్నెంటు గారు ఆ పెట్టె వంకే చూస్తూ నడిచారు. నిర్ణయం అయిపోయింది. ఇవాళ ఆయన ఇంట్లో తింటారు. తనిఖీలన్నీ ఎవరికైనా అప్పగించేస్తారు, లేకపోతే ఫైళ్లన్నీ పోయాయని రాసేస్తారు. (ఆ ఆలోచన రాగానే ఆయన చుట్టూ చూసుకున్నారు.)

ఏడు గంటలకు బల్ల మీద కాల్చిన వంకాయలు, ఆవిరి మీద ఉడికిన చేప, సన్నగా తరిగిన దోసకాయ పెట్టారు. మూడు పళ్లేలున్నాయి. భార్య లేచి నాలుగోది తెచ్చి పెట్టింది. కూతురు తన కుర్చీ పక్కకు జరిపింది.

"కూచో నాన్నా, సర్దుకుందాం."

సూపర్నెంటు గారు కుర్చీ లాగారు. సగం కూర్చున్నారు. అలా సగం కూర్చుని ఫ్రిజ్ తలుపు వంక చూశారు. వంట లెక్కలో లేని మనిషి బల్ల దగ్గర కూర్చోవాలంటే ఏం చెయ్యాలో అక్కడ స్పష్టంగా రాసి ఉంది. ఇంటి పెద్దే దారి తప్పితే రేపు ఎవరు మాత్రం ఫారాలు నింపుతారు. ఆయన లేచి, సొరుగులోంచి నమూనా–రెండు తెచ్చుకున్నారు.

"ఒరేయ్, కూర చల్లారిపోతోంది రా" అంది తల్లి.

ఒక్క నిమిషం అన్నారు ఆయన. పేరు రాశారు. హోదా రాశారు. కారణము అనే గడి దగ్గర పెన్ను ఆగింది. ఆయనకు రాయాలని ఉన్నది చాలా ఉంది. మెట్ల మీద నిలబడి నవ్వులు విన్న సంగతి ఉంది. పద్దెనిమిది రకాల కేకుల్లో ఒక్కటీ గుర్తులేదన్న సంగతి ఉంది. మీ ముగ్గురూ లేకుండా తింటే ఏదీ రుచించలేదన్నది ఉంది. వీటిలో మొదటి మాట మొదలుపెట్టగానే గడి అయిపోయింది. కొట్టేసి, ఇంకో ఫారం తీసి, ఎలాగోలా పట్టే మాట ఒకటి వెతికి రాశారు. నిజం కూడా అదే.

తర్వాత లేచి, బల్లకు అవతలివైపున్న కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు. ఎందుకంటే అధికారి ఆయనే. ముగ్గురూ చెంచాలు దించి చూస్తున్నారు. ఒక్క సంతకం చాలు. ఆయన ఫారం అందుకుని పై నుంచి కిందిదాకా చదివారు. పేరు సరిగ్గా ఉంది. హోదా సరిగ్గా ఉంది. కారణం దగ్గర ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఏ చెయ్యి ఏ మాట దగ్గర ఎలా కదులుతుందో ఆ చెయ్యి అలాగే కదిలింది.

కూతురు వంగి చదివింది. కారణము అన్న గడిలో 'ఆకలి' అని ఉంది. దాని కింద, అదే చేతివ్రాతతో, 'తిరస్కరించడమైనది. దీనిపై ముప్ఫై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చును' అని ఉంది. సంతకం, తేదీ, ముద్ర.

సూపర్నెంటు గారు పెన్ను మూత పెట్టి, రూలు రూలే కదా అన్నట్టు అందరి వంకా చూశారు. ఎవరూ నవ్వలేదు. భార్య నాలుగో పళ్లెం తీసి లోపల పెట్టింది. చేతులు కడుక్కుంది. డాక్టరమ్మ ఇచ్చిన పెట్టె తెచ్చి బల్ల మీద విప్పింది.

"చొక్కా చెయ్యి పైకి మడవండి" అంది.